వాసవి జైలా, ఓయూ అంటే ధర్నాలేనా: మన ఇంజినీరింగ్ కాలేజీల పేర్ల వెనక ఏముంది

మీరడిగింది ఇదీ: తమ్ముడికి తెలంగాణ ఈఏపీసెట్‌లో 11,400 ర్యాంకు, బీసీ-బి, ఇల్లు కరీంనగర్. వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో వరసగా, పెట్టాలి. చుట్టాలు మాత్రం తలా ఒక మాట అంటున్నారు. వాసవి జైలట, సీబీఐటీ డబ్బున్నోళ్ళదట, ఓయూలో (ఉస్మానియా యూనివర్సిటీ) ధర్నాలే తప్ప క్లాసులుండవట, కేఎంఐటీకి క్యాంపసే లేదట, ఊరి బయటి కాలేజీలన్నీ రీయింబర్స్‌మెంట్ కోసం పెట్టినవట. ఇందులో ఏది నమ్మాలి?

వీటిలో పూర్తిగా అబద్ధమైన మాట ఒక్కటీ లేదు. ప్రతిదాని వెనకా ఏదో ఒక నిజం ఉంది. అది ఏ సంవత్సరం నాటిది, ఏ బ్రాంచికి సంబంధించింది, ఇప్పటికీ ఉందా అన్నదే మీరు తేల్చుకోవాల్సింది.

ముందు చెప్పేవాళ్ళ వయసు చూడండి. ఎవరి కాలేజీల జాబితా అయినా వాళ్ళు ఇంటర్ చదివిన ఏడాది దగ్గరే ఆగిపోతుంది. వరంగల్ నిట్‌ను ఇప్పటికీ ‘ఆర్ఈసీ’ అనే పెద్దమనిషి ఉంటే, ఆయన లెక్క 2002కి ముందుది. 1990 ప్రాంతంలో ఇంటర్ అయిపోయినవాళ్ళకు తెలిసినవి ఓయూ, జేఎన్‌టీయూ, ఆర్ఈసీ, సీబీఐటీ (1979), వరంగల్ కిట్స్ (1980), వాసవి (1981), ఇంకో రెండు మూడు. వీఎన్ఆర్ 1995లో వచ్చింది. గోకరాజు రంగరాజు, ఎంజీఐటీ 1997లో వచ్చాయి. కేఎంఐటీ 2007లో. కాబట్టి ‘వీఎన్ఆరా? అదెక్కడిది?’ అని బాబాయి అంటే అది కాలేజీకి తక్కువ మార్కు కాదు, ఆయన రోజుల్లో అది లేదంతే.

2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ (పిల్లల ఫీజు ప్రభుత్వమే కట్టే పథకం) వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు సుమారు 700కు చేరాయి. ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మొయినాబాద్, మైసమ్మగూడ దారుల్లో వరసపెట్టి బోర్డులు వెలిసింది ఆ కాలంలోనే. ల్యాబు లేకుండా, అధ్యాపకుల పేర్లు కాగితం మీదే ఉండే కాలేజీలు అప్పుడు నిజంగానే ఉన్నాయి. ‘రీయింబర్స్‌మెంట్ కాలేజీ’ అన్న తిట్టు అక్కడ పుట్టింది. ఆ తర్వాత చాలావరకు మూతపడ్డాయి, కొన్ని చేతులు మారాయి, కొన్ని బాగుపడ్డాయి. అదే ఇబ్రహీంపట్నం దారిలో ఉన్న సీవీఆర్ ఇవాళ మంచి ర్యాంకర్లు ఏరికోరి పెట్టుకునే ఆప్షన్. రోడ్డు పేరు చెప్పి కాలేజీని కొట్టిపారేసేవాళ్ళ మాట పట్టించుకోకండి.

ఇక ఓయూ. యూనివర్సిటీ 1918 నాటిది, ఇంజినీరింగ్ కాలేజీ 1929 నాటిది. 1969లోనూ 2009 తర్వాతా తెలంగాణ ఉద్యమానికి ఆర్ట్స్ కాలేజీ మెట్లే వేదిక. ఆ రోజుల్లో పరీక్షలు వాయిదా పడ్డాయి, హాస్టళ్ళు ఖాళీ చేయించారు. ఆ నీడ ఇంకా పోలేదు. ఇప్పుడక్కడ బీఈ చేసే పిల్లాడి ఇబ్బందులు వేరు. అధ్యాపక పోస్టుల్లో ఖాళీలు ఎక్కువ, కొన్ని సబ్జెక్టులు కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ వాళ్ళే చెబుతారు, హాస్టల్ మెస్ గొడవ ఎప్పుడూ ఉండేదే. మరోపక్క ప్రైవేటుతో పోలిస్తే ఫీజు తక్కువ, సీట్లు తక్కువ, పక్కన కూర్చునేవాళ్ళంతా మంచి ర్యాంకర్లు, సీనియర్లు దేశమంతా ఉన్నారు. క్లాసులో చెప్పించుకోవడానికి అలవాటుపడి, వెంటపడి చదివిస్తే తప్ప చదవని పిల్లాడు ఇక్కడ జారిపోతాడు. సొంతంగా చదువుకునేవాడికి ఇంతకంటే చవకైన, స్వేచ్ఛ ఉన్న చోటు దొరకదు. కూకట్‌పల్లి జేఎన్‌టీయూ కాలేజీకీ దాదాపు ఇదే లెక్క.

చాలామంది పొరబడేది ఇంకొకటుంది. ఓయూ క్యాంపస్‌లోనే యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అని వేరే కాలేజీ ఉంది. కెమికల్, ఫుడ్ టెక్నాలజీ, టెక్స్‌టైల్ టెక్నాలజీ బ్రాంచీలు అక్కడివి. ‘ఓయూలో సీటొచ్చింది’ అనగానే ఏ కాలేజీ అని అడగండి.

సీబీఐటీ ‘డబ్బున్నోళ్ళది’ అన్న మాటలో సగం నిజం ఫీజు నిబంధనల్లోనే ఉంది. మీ ఇంటికి నేరుగా తగిలేది కూడా అదే. కన్వీనర్ కోటా సీట్లు (ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి) 70 శాతం, మిగతా 30 శాతం బి-కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్, ఎన్ఆర్ఐ సీట్లు. పేరున్న ప్రతి ప్రైవేటు కాలేజీలో ఆ 30 శాతం ఉంటుంది, సీబీఐటీకి ప్రత్యేకమేమీ కాదు. అసలు తేడా కన్వీనర్ సీటు దగ్గర వస్తుంది. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడిన) పిల్లలకు ర్యాంకు 10,000 లోపుంటే ఫీజు మొత్తం ప్రభుత్వమే ఇస్తుంది. దాటితే ఇచ్చేది 35,000 మాత్రమే. మిగతాది ఇంట్లోంచి కట్టాలి.

మీ తమ్ముడిది 11,400. కాలేజీ ఫీజు ఏడాదికి 1,50,000 అనుకుందాం. అందులో 35,000 పోతే చేతి నుంచి ఏడాదికి 1,15,000, నాలుగేళ్ళకు 4,60,000. హాస్టల్, బస్సు వేరే. అదే 9,900 ర్యాంకొచ్చిన పక్కింటి పిల్లాడికి ట్యూషన్ ఫీజు సున్నా. పదివేల ర్యాంకు దాటిన బీసీ పిల్లల్లో ఈ బరువు మోయగలిగినవాళ్ళే ఖరీదైన కాలేజీలో చేరతారు, మిగతావాళ్ళు ఫీజు తక్కువున్న చోటికి మళ్ళుతారు. క్లాసులో డబ్బున్నవాళ్ళు ఎక్కువ కనిపించడానికి కారణం ఇదే. ఆదాయ పరిమితి గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీలకు ఈ పదివేల గీత లేదు. ప్రభుత్వ, గురుకుల విద్యాసంస్థల్లో చదివినవాళ్ళకు మినహాయింపులున్నాయి, తమ్ముడు అలా చదివి ఉంటే స్టడీ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోండి. ప్రభుత్వం నుంచి బకాయిలు ఆలస్యమైతే చివర్లో ‘ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగిస్తాం’ అనే కాలేజీలు తక్కువేం లేవు. ఆ మాట చేరేముందే సీనియర్ల దగ్గర తెలుసుకోండి, ఆఫీసులో మాత్రం చెప్పరు.

వాసవి జైలు సంగతి. 75 శాతం హాజరు నిబంధన ఓయూ కింద ఉన్న కాలేజీలకూ ఉంది, జేఎన్‌టీయూ కింద ఉన్నవాటికీ ఉంది. 65 నుంచి 75 మధ్య ఉంటే తగిన కారణం చూపి, కండొనేషన్ ఫీజు (హాజరు లోటును మన్నించడానికి కట్టేది) కట్టి బయటపడొచ్చు. 65 దిగితే డిటెన్షన్, అంటే ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాలి. రూలు అందరికీ ఒకటే, అమలు మాత్రం ఒకటి కాదు. కొన్ని చోట్ల సెమిస్టర్ చివర్లో హాజరు ‘సర్దుతారు’. కొన్ని చోట్ల పీరియడ్ పీరియడ్‌కీ ఎక్కించి సాయంత్రానికి ఇంటికి మెసేజ్ పంపుతారు. ‘జైలు’ అన్న పేరు రెండో రకానికి వస్తుంది. ఆ పేరు పెట్టేది హాస్టల్ పిల్లలు కూడా కాదు, మధ్యాహ్నం గేటు దాటి సినిమాకు పోవాలనుకునే డే స్కాలర్లు! తల్లిదండ్రులు ఆ మాట విని సంతోషిస్తారు, పిల్లలు భయపడతారు, రెండూ అనవసరం. మూడో సంవత్సరంలో ఇంటర్న్‌షిప్‌కు, హ్యాకథాన్‌కు వెళితే హాజరు ఇస్తారా లేదా అన్నది అడగండి. క్రమశిక్షణ ఎంతన్నదానికి గేటు టైం కంటే ఈ జవాబు మంచి కొలబద్ద.

కేఎంఐటీకి క్యాంపస్ లేదన్నది ఉన్నమాటే. నారాయణగూడలో నగరం నడిబొడ్డున భవనం, గ్రౌండు గురించి అడగకూడదు. కానీ మెట్రో గ్రీన్ లైన్‌లో నారాయణగూడ స్టేషన్ దిగితే చాలు. గండిపేట వైపు సీబీఐటీ, ఎంజీఐటీలకు మెట్రో లేదు. బ్లూ లైన్ రాయదుర్గంతో ఆగిపోతుంది, అక్కణ్ణుంచి బస్సే. ఎల్బీనగర్‌లో ఉంటూ గండిపేట పోయే పిల్లాడు రోజుకు మూడు గంటలు బస్సులోనే గడుపుతాడు. బాచుపల్లి వైపు వీఎన్ఆర్, గోకరాజులకు మియాపూర్ దాకా రెడ్ లైన్, తర్వాత ఆటో. హైదరాబాద్‌లో కాలేజీల మీద వచ్చే పేర్లలో చాలావాటికి మూలం ఈ రోడ్లే. దూరంగా ఉన్న కాలేజీ బస్సు మూడున్నరకో నాలుగుకో కదిలిపోతుంది, క్లబ్బులు, ప్రాజెక్టులు చేసుకునే టైం ఉండదు, అప్పుడు ‘అక్కడ యాక్టివిటీసే ఉండవు’ అంటారు. హాస్టల్లో ఉన్నవాడికి అదే కాలేజీ వేరేగా కనిపిస్తుంది. మీది కరీంనగర్ కాబట్టి మీవాడు ఎటూ హాస్టలో రూమో తీసుకోవాల్సిందే, దూరం లెక్క మీకు సగం వర్తించదు. కానీ కాలేజీ హాస్టల్ అబ్బాయిలకు ఉందా, ఫస్టియర్‌కు ఇస్తారా, బయటి ప్రైవేటు హాస్టలే దిక్కా అన్నది తప్పక కనుక్కోండి.

పేర్లు కలిసిపోవడం వల్ల మోసపోయేవాళ్ళు ఏటా కనిపిస్తారు. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ (1998), బాసర ట్రిపుల్ ఐటీ అనే ఆర్‌జీయూకేటీ (2008), శ్రీసిటీ ట్రిపుల్ ఐటీ (2013) మూడూ వేర్వేరు. బాసరకు పదో తరగతి తర్వాత తీసుకుంటారు, ఆరేళ్ళ చదువు. ‘ట్రిపుల్ ఐటీ వాళ్ళకు కోటి ప్యాకేజీ’ అన్న వార్త ఒకదాని గురించి వస్తే పేరు మూడింటికీ పంచుకుంటారు. సీఎంఆర్ పేరుతో కండ్లకోయలోనే నాలుగు కాలేజీలున్నాయి, నాలుగింటికీ వేర్వేరు కోడ్‌లు, వేర్వేరు లాస్ట్ ర్యాంకులు (చివరి సీటు ఏ ర్యాంకుకు దక్కిందో అది). బీవీఆర్ఐటీ ఒకటి మెదక్ జిల్లా నర్సాపూర్‌లో, ఇంకొకటి బాచుపల్లిలో అమ్మాయిలకు మాత్రమే. (నర్సాపూర్ అనగానే పశ్చిమగోదావరి నరసాపురం అనుకునేవాళ్ళూ ఉన్నారు.) అందుకే కాలేజీని ఎప్పుడూ పేరుతో కాదు, కౌన్సెలింగ్ కోడ్‌తో రాసుకోండి. వీఎన్ఆర్‌కు వీజేఈసీ, వాసవికి వీఏఎస్‌వీ, గోకరాజుకు జీఆర్ఆర్ఆర్, ఇలా నాలుగక్షరాలుంటాయి.

‘ఓయూ కింద ఉంటే మార్కులు పడవు, జేఎన్‌టీయూ అయితే సులువు’ అని ఇంకో మాట వింటారు. సీబీఐటీ, వాసవి, ఎంవీఎస్ఆర్ ఓయూ కిందివి, వీఎన్ఆర్, గోకరాజు, ఎంజీఐటీ జేఎన్‌టీయూ కిందివి. అందరికీ ప్రశ్నాపత్రం యూనివర్సిటీయే ఇచ్చిన రోజుల్లో ఆ తేడా నిజమే. ఇప్పుడు పేరున్నవన్నీ దాదాపు అటానమస్, పేపరు సెట్ చేసేది, దిద్దేది కాలేజీయే, యూనివర్సిటీ డిగ్రీ పట్టా మీద సంతకం పెడుతుంది. కాబట్టి మార్కుల ఉదారత ఇప్పుడు కాలేజీని బట్టి ఉంటుంది. కంపెనీలకు కూడా ఇది తెలుసు, అందుకే సీజీపీఏను (అన్ని సెమిస్టర్ల గ్రేడ్ల సగటు) ఒక గీతగా మాత్రమే వాడి, అసలు వడపోత సొంత పరీక్షతో చేసుకుంటాయి. 2018 చట్టం కింద 2020లో ప్రైవేటు యూనివర్సిటీలైనవి (అనురాగ్, మల్లారెడ్డి, ఎస్ఆర్ లాంటివి) వేరే సంగతి. అక్కడ సిలబస్, పరీక్ష, డిగ్రీ అన్నీ సొంతం. పాత అఫిలియేటెడ్ కాలేజీగా ఉన్నప్పటి పేరుతో వాటిని తూచలేం.

ఇప్పుడు ప్లేస్‌మెంట్లు. ఇక్కడే పేరుకూ నిజానికీ దూరం ఎక్కువ. ఫ్లెక్సీ మీద ‘1,100 ఆఫర్లు, 95 శాతం’ అని ఉంటే నమ్మకండి, అబద్ధమనీ అనకండి. ఒకే పిల్లాడికి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్క వేస్తారు. 95 శాతం అన్నది ప్లేస్‌మెంట్ సెల్‌లో రిజిస్టర్ చేసుకుని, బ్యాక్‌లాగ్‌లు (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు) లేకుండా అర్హత పొందినవాళ్ళలో.

కాలేజీ వెబ్‌సైట్‌లో ఎన్ఐఆర్ఎఫ్ (కేంద్రం ఇచ్చే కాలేజీల ర్యాంకింగ్) అన్న లింకు కింద వాళ్ళు కేంద్రానికి ఇచ్చిన డేటా పీడీఎఫ్ ఉంటుంది. అందులో ‘యూజీ 4 ఇయర్స్’ ప్లేస్‌మెంట్ పట్టిక తీయండి. ఒక్కో వరుసలో ఫస్టియర్‌లో చేరినవాళ్ళు, లేటరల్ ఎంట్రీలో (డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో) వచ్చినవాళ్ళు, నిర్ణీత కాలంలో పాసైనవాళ్ళు, ప్లేస్ అయినవాళ్ళు, మీడియన్ జీతం, పై చదువులకు వెళ్ళినవాళ్ళు ఉంటారు. ఉదాహరణకు చేరింది 960, లేటరల్ 95, మొత్తం 1,055. టైంకు పాసైంది 870. ప్లేస్ అయింది 610, పై చదువులకు 90, మీడియన్ 5,00,000 అనుకోండి. పాసైనవాళ్ళలో ఉద్యోగం వచ్చింది 70 శాతానికి. చేరినవాళ్ళలో చూస్తే 58 శాతానికే. నాలుగేళ్ళలో పాసవనివాళ్ళు 185 మంది, అంటే ఆరుగురిలో ఒకరు. ఫ్లెక్సీ మీద వీళ్ళెవరూ కనిపించరు. మీడియన్ 5 లక్షలంటే ప్లేస్ అయినవాళ్ళలో సగం మందికి అంతకంటే తక్కువే, వాళ్ళలో ఎక్కువమంది మూడున్నర, నాలుగు లక్షలిచ్చే మాస్ రిక్రూటర్ల (ఒకేసారి ఎక్కువమందిని తీసుకునే కంపెనీలు) దగ్గర చేరినవాళ్ళు. నాలుగు కాలేజీలకు ఈ పట్టిక మూడేళ్ళది పక్కపక్కన రాసుకుంటే చుట్టాల మాటల్లో సగం వాటంతటవే రాలిపోతాయి.

దీనికీ రెండు లోపాలున్నాయి. ఈ లెక్క కాలేజీ మొత్తానిది, బ్రాంచి వారీగా రాదు, సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) జీతాలు మెకానికల్ కొరతను కప్పేస్తాయి. రెండోది, ఈ ఏడాది ప్లేస్ అయిన బ్యాచ్ నాలుగేళ్ళ కింద చేరింది. అప్పుడు సీఎస్ఈలో 180 సీట్లున్న కాలేజీలో ఇప్పుడు సీఎస్ఈ, ఏఐ-ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అన్నీ కలిపి ఎన్నయ్యాయో చూడండి. 2024-25 నుంచి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) బ్రాంచికి ఇన్నే అన్న గరిష్ఠ పరిమితి తీసేసింది. సీట్లు రెట్టింపైతే చివరి ర్యాంకు కిందికి జారుతుంది, ల్యాబులకూ అధ్యాపకులకూ ఒత్తిడి పెరుగుతుంది, వచ్చే కంపెనీలు మాత్రం రెట్టింపు కావు. పాత పేరు చూసి కొత్త సెక్షన్‌లో చేరడం ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ జరుగుతున్న పొరపాటని నా అభిప్రాయం. ఎన్‌బీఏ గుర్తింపు (కోర్సు నాణ్యత చూసి ఇచ్చేది) కూడా కాలేజీకి కాదు, బ్రాంచికి ఇస్తారు, దానికి గడువు తేదీ ఉంటుంది. సీఎస్ఈకి ఉందంటే డేటా సైన్స్‌కూ ఉన్నట్టు కాదు.

సరే, ఆప్షన్లు. కౌన్సెలింగ్ సైట్‌లో గత ఏడాది లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ తీసుకోండి, మొదటి విడతదీ చివరి విడతదీ రెండూ కావాలి. కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ పక్కన ఓసీ అబ్బాయిలు, ఓసీ అమ్మాయిలు, బీసీ-ఏ అబ్బాయిలు, ఇలా గడులుంటాయి, చివర్లో ట్యూషన్ ఫీజు, ఏ యూనివర్సిటీ కిందో ఉంటుంది. మీరు చూడాల్సింది బీసీ-బి అబ్బాయిల గడి, చాలామంది కంగారులో ఓసీ గడి చూసి ‘రాదులే’ అని వదిలేస్తారు. బ్రాంచి కోడ్‌లు కూడా జాగ్రత్త: సీఎస్ఎం అంటే ఏఐ-ఎంఎల్, సీఎస్‌డీ అంటే డేటా సైన్స్, ఐఎన్ఎఫ్ అంటే ఐటీ. 11,400కు ఆ గడిలో 8,000 దగ్గర్నుంచి 16,000 దాకా మూసుకున్నవన్నీ మీ జాబితాలోకి రావాలి. పక్కన ఫీజు రాసి, 35,000 తీసేసి, నాలుగుతో గుణించి ఇంకో గడి మీరే గీసుకోండి.

వరస మాత్రం వచ్చే అవకాశాన్ని బట్టి పెట్టకండి, ఇష్టాన్ని బట్టి పెట్టండి. పై నుంచి చూసుకుంటూ ర్యాంకుకు అందిన మొదటి ఆప్షన్‌నే కంప్యూటర్ ఇస్తుంది. అందనిది పైన పెట్టినందువల్ల కిందిది పోదు. పోయేది ఎప్పుడంటే, ‘ఎలాగూ ఇది రావాలి’ అని ఓ మామూలు కాలేజీని పైన పెట్టేసినప్పుడు. తర్వాతి విడతలో మళ్ళీ ఆప్షన్లు పెడితే, కొత్త సీటు వచ్చిన క్షణమే పాతది రద్దవుతుంది. అందుకని చేతిలో ఉన్నదానికంటే నిజంగా మెరుగైనవే అందులో పెట్టాలి.

జాబితా పదికి కుదించాక ఒకరోజు హైదరాబాద్ రండి. ఆఫీసులో కూర్చోకండి, సాయంత్రం బస్సులు కదిలే టైంకు గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడండి. మూడో సంవత్సరం వాళ్ళను పట్టుకోండి, ఫస్టియర్ వాళ్ళకు ఇంకా తెలియదు, ఫైనలియర్ వాళ్ళు ఉద్యోగం వచ్చిందో రాలేదో దాన్నిబట్టి మాట్లాడతారు. మీవాడు చేరబోయే బ్రాంచి వాళ్ళనే అడగండి: మీ సెక్షన్‌లో ఎంతమంది, ఈ సెమిస్టర్‌లో ఎన్ని సబ్జెక్టులకు మధ్యలో సార్లు మారారు, గతేడాది మీ బ్రాంచికి ఏ కంపెనీలు నేరుగా క్యాంపస్‌కు వచ్చాయి, పూల్ డ్రైవ్‌లు (చాలా కాలేజీలకు కలిపి పెట్టే ఎంపికలు) ఎన్ని, ట్యూషన్ ఫీజు కాక ఏడాదిలో ఇంకేం కట్టించుకున్నారు. ‘మా కాలేజీ సూపర్’ అనో ‘వేస్ట్’ అనో అంటే నవ్వి ఊరుకోండి. సార్లు ఎన్నిసార్లు మారారో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేవాడు దొరికితే వాడికి టీ ఇప్పించి ఇంకో పది నిమిషాలు మాట్లాడండి.